కాశీలో వదిలిన రిజిస్టరు

గరువుపాలెం పురపాలక సంఘంలో సీనియర్ అసిస్టెంటు ముక్కామల పురుషోత్తంగారు జనన మరణాల రిజిస్టరును కాశీలో వదిలేసి వచ్చారు. పొరపాటున రైల్లో మర్చిపోయారనుకునేరు, అదేం కాదు. రిజిస్టరు ఎప్పటిలాగే ఆయన బీరువాలో ఎర్రగుడ్డ కట్టుకుని క్షేమంగా ఉంది. ఆయన వదిలి వచ్చింది అందులో రాయడం.

కాశీకి వెళ్ళినవాళ్ళు గంగలో మునిగి ఒక పండూ ఒక కూరా వదిలి రావడం తెలియని తెలుగువాళ్ళుండరు. ఇష్టమైనవి వదలాలని పెద్దలు చెప్పారు. కానీ తీరా నీళ్ళలో నిలబడ్డాక బంగినపల్లి మామిడి పేరూ గుత్తివంకాయ పేరూ ఎత్తడానికి ఎవరికి మాత్రం నోరొస్తుంది? కాకరకాయనో, ఎప్పుడూ ముట్టని వెలగపండునో వదిలేసి, గంగమ్మ అంత లోతుగా అడగదులే అన్న ధీమాతో ఒడ్డెక్కుతారు. పురుషోత్తంగారూ సరిగ్గా ఆ రెండే వదిలారు. అయితే పక్కనున్న పండా, అంటే అక్కడి పురోహితుడు, మర్యాదకి ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఆ క్షణాన ఆయన కళ్ళముందు జూన్ నెల కదిలింది. బడుల్లో చేర్పించే రోజులు, పుట్టినతేదీ పత్రాల కోసం కిటికీ ఊచలు పట్టుకుని వేలాడే తల్లులు, మావాడి పేరు తప్పు పడిందండీ అన్న మాట రోజుకి వందసార్లు. ఆయన కళ్ళు మూసుకుని "జనన మరణాల రిజిస్టరు" అని మరో మూడు మునకలు వేశారు.

ఇంకో ఏడాదైతే ఆఫీసులో అందరూ నవ్వి ఊరుకునేవారు. ఆ ఏడాది మాత్రం నవ్వడానికి వీల్లేకుండా పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. ఎక్కడో ఎవరో పెద్ద అధికారికి ఒక మంచి ఆలోచన వచ్చి రాయించిన ఉత్తర్వది. "ఉద్యోగి తన మతవిశ్వాసము, వ్రతము, నియమము లేక మొక్కు కారణముగా నిర్వర్తింపజాలని విధిని అతనిచే బలవంతముగా చేయింపరాదు. అట్టి విధిని, అట్టి విశ్వాసము లేని ఉద్యోగికి అప్పగింపవలెను" అని అందులో ఉంది. దాన్ని నోటీసు బోర్డు మీద అతికించిన నాడు ఎవరూ చదవలేదు. పురుషోత్తంగారు కాశీ నుంచి వచ్చిన నాడు అందరూ చదివారు.

కమిషనర్ భుజంగరావుగారు ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఒక్కరితో కూడా పేచీ పెట్టుకోని మనిషి. పదవీ విరమణకి ఇంకా పద్నాలుగు నెలలుంది, ఈ పద్నాలుగు నెలలూ అలాగే గడిచిపోతే చాలని ఆయన కోరిక. గంగలో వదిలినదాన్ని తిరిగి ముట్టుకుంటే దోషం కదా అని పురుషోత్తంగారు కళ్ళొత్తుకుంటూ అడిగితే, తనకు తోచక ప్రాంతీయ సంచాలకుల కార్యాలయానికి రాశారు. పదిరోజుల్లో జవాబొచ్చింది. కాకరకాయ విషయమున పాటింపబడు నియమమే రిజిస్టరు విషయముననూ పాటింపదగునని, రెంటికీ భేదము చూపుట విశ్వాసమును శంకించుట యగునని.

అప్పుడు భుజంగరావుగారు గదిలోంచి బయటికి వచ్చి, మంచినీళ్ళ కుండ పక్కన మూల బల్ల దగ్గర కూర్చునే మనిషి వైపు చూశారు. ఆ మనిషి జూనియర్ అసిస్టెంటు మస్తాన్ వలి. వీధి దీపాల సెక్షను ఆయనది. యాభై రెండేళ్ళ వయసు, నెమ్మదస్తుడు, కాశీకి వెళ్ళే అవకాశం లేనివాడు. రిజిస్టరు తాత్కాలికంగా ఆయన చూడాలన్నారు. ఆఫీసు ఆవరణలో తాత్కాలికంగా వేసిన రేకుల షెడ్డుకి ఇరవై మూడేళ్ళు నిండాయన్న సంగతి వలికి గుర్తుంది. అయినా ఎర్రగుడ్డ మూట తెచ్చుకుని బల్లమీద పెట్టుకున్నాడు. కిటికీ బయట జనం నిలబడి ఉన్నారు, ముందు వాళ్ళ పని చూడాలి కదా అనుకున్నాడు.

ఆ వేసవిలో గరువుపాలెం పురపాలక సంఘం నుంచి కాశీకి వెళ్ళినంత మంది ఏ ఊరి నుంచీ వెళ్ళి ఉండరు. కుళాయిల సెక్షను సుభాషిణిగారు అత్తగారిని వెంటబెట్టుకుని వెళ్ళి బీరకాయ, పనసపండు, అర్జీదారులకు జవాబు చెప్పడం వదిలి వచ్చారు. సీట్లో కూర్చోవడం మానలేదు. ఎవరైనా వచ్చి నీళ్ళు రావడం లేదంటే చల్లగా నవ్వేవారు. మొదటి వారం ఊళ్ళో వాళ్ళు ఆ నవ్వు చూసి సంతోషించారు. మున్సిపాలిటీలో ఇలా నవ్వే మనిషి కూడా ఉందా అనుకున్నారు. రెండో వారానికి ఆ నవ్వు దాటుకుని కుండ పక్క మూలకి దారి తెలుసుకున్నారు.

తర్వాత అటెండరు కోటయ్య వెళ్ళొచ్చాడు. వచ్చిన మర్నాడు కమిషనర్‌గారు గంట కొట్టారు. కోటయ్య గుమ్మం పక్క బల్లమీద నుదుట విభూతితో ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు. మళ్ళీ కొట్టారు. నాలుగోసారికి ఆయనే తలుపు తీసుకుని వచ్చి, వినపడలేదా కోటయ్యా అని అడిగారు.

"వినపడద్ది సార్. లెగటమే వదిలేశాను" అన్నాడు కోటయ్య.

భుజంగరావుగారు ఆలోచించి, అది నియమం కిందికే వస్తుందని ఒప్పుకుని, గంట తీగని పొడిగించి వలి బల్ల మీదుగా వేయించారు. అది ఉత్తర్వు ప్రకారం సబబైన పని, ఎందుకంటే గంటకి లేవరాదన్న విశ్వాసం వలికి లేదు.

పన్ను నోటీసుల సెక్షను విక్టర్‌గారు పద్ధతి గల క్రైస్తవుడు. తమకు కాశీ లేదు గాని ఈస్టరుకి ముందు వచ్చే శ్రమదినాల్లో నలభై రోజులు ఏదో ఒకటి మానుకుంటామని, ఈసారి నోటీసులు మానుకోవాలని మనసు చెబుతోందని వినయంగా విన్నవించుకున్నారు. ఉత్తర్వులో ఒక మతమని లేదు కాబట్టి అనుమతి వచ్చింది. ఈస్టరు మర్నాడు ఆయన మాటకు కట్టుబడి నోటీసు పుస్తకం వెనక్కి అడిగారు. పురుషోత్తంగారు ఆయన భుజం మీద చెయ్యేసి, మీ మతంలో వదలడం ఇంకా తాత్కాలిక పద్ధతిలోనే ఉందండీ అని జాలిపడ్డారు. విక్టర్‌గారు సాయంత్రం దాకా ఆలోచించి, నలభై రోజుల్లో తన మనసు పూర్తిగా శుద్ధి కాలేదని ఇంకో అర్జీ పెట్టుకున్నారు.

అలా మే నెల ముగిసేసరికి వలి బల్ల మీద పుట్టుకలు, చావులు, కుళాయిలు, పన్నులు, గంట, వీటన్నిటి కింద ఎక్కడో వీధి దీపాలు ఉన్నాయి. ఉదయం తొమ్మిదికి కూర్చుంటే మధ్యాహ్నం క్యారేజీ విప్పడానికి తీరిక దొరికేది కాదు. మిగతావాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆయన పక్కనే కూర్చుని, పాపం వలీగారు ఎంత కష్టపడుతున్నారో అని మనస్ఫూర్తిగా బాధపడేవారు. సుభాషిణిగారైతే ఇంటి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చేవారు.

ఇంతలో పైనుంచి ఇంకో కాగితం. ప్రతి కార్యాలయమూ విశ్వాసాల రిజిస్టరు తెరవాలి, అందులో ప్రతి ఉద్యోగి పేరుకెదురుగా అతని విశ్వాసం నమోదు కావాలి, ఏ గడీ ఖాళీగా ఉండరాదు. ఆ రిజిస్టరు రాసే పని కూడా వలిదే కాబట్టి అందరివీ రాశాడు. ఒక్క గడి మిగిలింది, తనది. అది పట్టుకుని కమిషనర్‌గారి దగ్గరికి వెళితే, ఏదో ఒకటి ఉండాలి వలీగారూ, ఆలోచించండి, అజ్మీరు వెళ్ళి ఏమైనా వదిలి వస్తారా అని ఆయన ఎంతో ఆదరంగా అడిగారు.

దర్గాకి వెళితే మేం ఏదైనా అడుక్కుంటాం సార్, వదలం, అని వలి చెప్పాడు. చెప్పి ఊరుకుంటే సరిపోయేది. గడి నిండాలన్న తొందరలో మనసులో మాట బయటపెట్టాడు.

"మా నాయన దూదేకేవాడు సార్. కూలి తీసుకుని పని ఎగ్గొడితే ఆ కూడు హరాం అనేవాడు. అలా తిని ఎన్ని నమాజులు చేసినా దండగేనని. నేను నమ్మేది అదొక్కటే."

భుజంగరావుగారి ముఖం వెలిగిపోయింది. కలం తీసుకుని స్వయంగా ఆ గడిలో "విశ్వాసము: పని చేయుట" అని రాసి, ఆకుపచ్చ సిరాతో సంతకం పెట్టారు. వలి కూడా తేలికపడి బయటికి వచ్చాడు. ఆ నాలుగు ముక్కలు తన మెడకే చుట్టుకుంటాయని ఆయనకు ఆ పూట తోచలేదు.

జూన్ పద్నాలుగున వలి కూతురు నగీనా నిఖా. ఒక్కగానొక్క కూతురు. బాపట్ల సంబంధం, అబ్బాయి ట్రాక్టర్ల షోరూములో మెకానిక్కు. షాదీఖానా మాట్లాడారు, కార్డులు పంచారు, ఆఫీసులో అందరూ తప్పకుండా వస్తామన్నారు. వలి మూడు రోజుల సెలవుకి అర్జీ పెట్టుకున్నాడు. పన్నెండేళ్ళలో ఆయన అడిగిన మొదటి సెలవది. రెండు రోజుల్లో అర్జీ తిరిగి వచ్చింది. మార్జిన్లో ఇలా ఉంది: "అర్జీదారుని విశ్వాసము పని చేయుట అని నమోదై యున్నది. సెలవు మంజూరు చేసినచో సదరు విశ్వాసమునకు భంగము కలుగును. ఉత్తర్వు ప్రకారము ఏ ఉద్యోగి విశ్వాసమునకును భంగము కలిగింపరాదు. కావున తిరస్కరించడమైనది."

వలి రెండుసార్లు చదువుకున్నాడు. జీవితంలో మొదటిసారి కమిషనర్‌గారి గదిలోకి పిలవకుండా వెళ్ళాడు.

భుజంగరావుగారు నొచ్చుకున్నారు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తాగమని చెప్పి, కోటయ్య లేవడు కాబట్టి తానే గ్లాసు అందించారు.

"నేను మీ మతాన్ని గౌరవిస్తున్నాను వలీగారూ. మిగతావాళ్ళ విశ్వాసానికి ఒక న్యాయం, మీ విశ్వాసానికి ఇంకో న్యాయం అంటే రేపు నన్ను నలుగురూ ఏమనుకుంటారు? మీరు మైనారిటీ కదా అని చిన్నచూపు చూశానంటారు."

నా కూతురి పెళ్ళి సార్ అన్నాడు వలి. పోనీ నా గడిలో రాసింది కొట్టెయ్యండి, నాకు ఏ నమ్మకమూ లేదని రాయండి అని కూడా అన్నాడు. అంత మాట అన్నందుకు మనసులో అల్లాని క్షమించమనుకున్నాడు. నమోదైన విశ్వాసాన్ని రద్దు చేసే అధికారం తనకు లేదని, సంచాలకులకు రాసినా రద్దు కాబట్టి వాళ్ళూ పైకి పంపాలని, జవాబు ఆగస్టుకి రావచ్చని భుజంగరావుగారు చెప్పారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే ఆయనకు దుఃఖంగా ఉంది, అదే వలికి ఇంకా కష్టమనిపించింది. కొట్టే మనిషైతే తిరిగి అరవొచ్చు, ఈయన మీద ఎలా అరుస్తాం?

ఇంటికి వెళ్ళి భార్య మీరాబీకి చెప్పాడు. ఆవిడ బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టింది. పెళ్ళికూతురి తండ్రి ఏడంటే ఏం చెప్పాలి, కుళాయిల కాడ ఉన్నాడని చెప్పాలా అని అడిగింది. తర్వాత ఇంకా మండిపడి, "అంత పని పిచ్చయితే ఆ పుస్తకాలన్నీ నెత్తినెట్టుకొచ్చి షాదీఖానాలోనే కూర్చోండి" అంది.

ఆవిడ కోపంతో అన్న మాటని వలి ఆ రాత్రంతా నెమరేశాడు. పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి, తన విశ్వాసం పని చెయ్యడమే గాని ఆఫీసులో కూర్చోవడం కాదని కమిషనర్‌గారికి మనవి చేశాడు. భుజంగరావుగారు ఉత్తర్వు తీసి మొదటి నుంచి చివరిదాకా చదివారు. విశ్వాసానికి స్థలనియమం ఎక్కడా లేదు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. వెంటనే "పద్నాలుగవ తేదీన సంచార సేవా కేంద్రము షాదీఖానా యందు పనిచేయును" అని ఉత్తర్వు రాయించి, ఆ ఉత్తర్వు వలి చేతనే టైపు చేయించారు.

పద్నాలుగో తేదీ పొద్దున షాదీఖానా గుమ్మం దగ్గర ఎడమ పక్క సన్నాయి మేళం, కుడి పక్క వలి బల్ల. బల్లమీద రిజిస్టర్లు, సీళ్ళు, సిరా దిండు, గంట. వెనక పురపాలక సంఘం బ్యానరు కట్టారు. వలి కొత్త షేర్వాణీ వేసుకుని, దాని చేతులు పైకి మడిచి, ఎనిమిదిన్నరకే పని మొదలుపెట్టాడు. బడుల్లో చేరికలకి మర్నాడు ఆఖరు రోజు కావడంతో జనం విరగబడ్డారు. పెళ్ళివారెవరో అర్జీదారులెవరో తెలియకుండా పోయింది. మగపెళ్ళివారి పెద్దాయనొకడు బాపట్ల నుంచి వస్తూనే వరసలో నిలబడి, రెండు గంటల తర్వాత కుళాయి ఫారం అందుకున్నాడు. పుట్టినతేదీ పత్రాల కోసం వచ్చినవాళ్ళ చేతులకి అత్తరు రాసి షర్బత్ ఇచ్చారు. మున్సిపాలిటీలో ఇంత మర్యాద ఎప్పుడు మొదలెట్టారని వాళ్ళు ఆశ్చర్యపోయారు.

హాజరుపట్టీ కూడా ఆ రోజుకి వలి బల్లమీదికే చేరింది కాబట్టి ఆఫీసు మొత్తం పదింటికల్లా దిగింది. సంతకాలు పెట్టి ముందు వరస కుర్చీల్లో కూర్చున్నారు. కోటయ్యకి కూడా కుర్చీ వేశారు. బిర్యానీ వదిలినవాళ్ళు వాళ్ళల్లో ఎవరూ లేరు. పురుషోత్తంగారికి విడిగా శాకాహారం పెట్టించాడు వలి. ఆయన గుత్తివంకాయ రెండుసార్లు అడిగి వేయించుకున్నారు.

పదకొండున్నరకి ఖాజీగారు పిలిస్తే వలి లేచి లోపలికి వెళ్ళాడు. టీకి ఇచ్చే పది నిమిషాల కింద దాన్ని లెక్కవేయవచ్చని భుజంగరావుగారు ముందే సెలవిచ్చారు. అబ్బాయి మూడుసార్లు ఖుబూల్ అన్నాడు. అందరూ దువాకి చేతులెత్తారు, వలి చేతులకి ఊదారంగు సిరా అంటుకుని ఉంది. ఆమీన్ అనేసి, అల్లుణ్ణి ఒకసారి కౌగిలించుకుని, మళ్ళీ వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కూతురి ముఖం సరిగ్గా చూడనే లేదు. తర్వాత చూడొచ్చులే అనుకున్నాడు.

చూడలేకపోయాడు. వరస కదిలేకొద్దీ వెనక పెరుగుతూనే ఉంది. నాలుగున్నరకి అప్పగింతలు మొదలయ్యాయి. పూలు కట్టిన కారు గుమ్మం ముందు ఆగింది. లోపల్నుంచి ఆడవాళ్ళ ఏడుపులు వినిపిస్తున్నాయి. మీరాబీ ఎవరినో పంపింది, నాన్న రాకుండా కారెక్కనని పిల్ల మొండికేసిందని. వలి తలెత్తి చూస్తే ఎదురుగా ఇంకా పందొమ్మిది మంది ఉన్నారు. వరసలో అందరికంటే ముందున్నది బేతపూడి అనే పల్లె నుంచి రెండు ఆటోలు మారి వచ్చిన సామ్రాజ్యం అనే ముసలావిడ. తల్లి లేని మనవరాల్ని బళ్ళో వెయ్యడానికి పత్రం కావాలి ఆవిడకి. పొద్దున పదింటి నుంచి నిలబడి ఉంది.

భుజంగరావుగారు మెల్లగా వచ్చి, ఐదు గంటల దాకా మీ విశ్వాసం ఉంటుంది కదా వలీగారూ, ఆ తర్వాత మీ ఇష్టం అన్నారు. ఆ మాట ఆయన అనకపోయినా వలి లేవగలిగేవాడు కాదు. పొద్దుటి నుంచి నిలబెట్టిన మనిషి ముఖం మీద రిజిస్టరు మూసి వెళ్ళడం ఆయనకు చేతకాదు. కూతురు ఏడుస్తూ అడుగుతోంది, ముసలావిడ ఎండకి వడిలిపోయి నిలబడి ఉంది. కలం పట్టుకున్నాడు గాని అక్షరాలు కనిపించలేదు. కళ్ళు తుడుచుకుంటే సిరా మొహానికి అంటింది.

ముందు వరస కుర్చీల్లో ఆఫీసువాళ్ళంతా ఇదంతా చూస్తూనే ఉన్నారు. సుభాషిణిగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. పురుషోత్తంగారు కుర్చీలో కొంచెం ఇబ్బందిగా కదిలారు. చొక్కా జేబులో కలం దాకా ఆయన చెయ్యి వెళ్ళింది. వెళ్ళి, అక్కడే ఆగి, నెమ్మదిగా తాంబూలం వైపు దిగింది.

సామ్రాజ్యం కారునీ, గుమ్మాన్నీ, వలి ముఖాన్నీ చూసింది. చేతిలో చెమటకి మెత్తబడిన అర్జీని నాలుగు మడతలు పెట్టి బొడ్లో దోపుకుంది.

"నా కాయితం రేపు రాద్దువులే బాబూ. పిల్ల బండెక్కతంది, నువ్ పో" అంది.

రేపు ఆఖరు రోజు కదమ్మా, రెండు ఆటోలు మారి మళ్ళీ రావాలి కదా అని వలి అన్నాడు. వస్తానన్నది ఆవిడ. అని వరసలోంచి పక్కకి తప్పుకుంది. ఆవిడ వెనకాల చంకలో బిడ్డనెత్తుకున్న అమ్మాయి కాసేపు తటపటాయించి తన కాగితం కూడా మడిచింది. ఆ అమ్మాయి వెనక సైకిలు కొట్టు మనిషి. తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. పందొమ్మిది కాగితాలు జేబుల్లోకీ, సంచుల్లోకీ, జాకెట్లలోకీ వెళ్ళిపోయాయి. వాళ్ళల్లో కాశీకి వెళ్ళినవాళ్ళు ఒక్కరు కూడా లేరు.

వలి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. భుజంగరావుగారు కుర్చీని ఎత్తి నిలబెట్టి, గడియారం చూసుకుని, ఇప్పుడేం రాయాలో తెలియక హాజరుపట్టీ మూసేశారు. వలి కారు దగ్గరికి వెళ్ళి, సిరా మొహంతోనే కూతురి నుదుటి మీద ముద్దు పెట్టుకుని, బాపట్ల రోడ్డు మలుపు దాకా కారు పక్కనే నడిచి వెళ్ళాడు. వెనక అర్జీదారులంతా పెళ్ళివారితో కలిసి వెళ్ళారు. ఆ అరగంట గరువుపాలెం పురపాలక సంఘంలో ఎవరూ పని చెయ్యలేదు.